"ఊపిరి వదలండి" అంటే ఆవిడ ఎందుకు వదల్లేదు: ఒక సీఓపీడీ కేసు

నేను ఛాతీ ఫిజియోథెరపీ చేస్తాను, అంటే ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్ళకి ఊపిరి ఎలా తీసుకోవాలి, కఫం ఎలా బయటికి తెచ్చుకోవాలి, ఆయాసం రాకుండా పనులెలా చేసుకోవాలి ఇవన్నీ నేర్పించే పని. ఈ కేసు సీఓపీడీది, అంటే గాలి గొట్టాలు సన్నబడి ఊపిరి సరిగ్గా బయటికి పోని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. అరుదైన జబ్బేం కాదు, మన ఊళ్ళలో ప్రతి వీధిలో ఒకళ్ళుంటారు. కానీ మేం రోజూ వాడే ఒక మాట పేషెంట్ చెవిలో ఇంకోలా పడితే ట్రీట్‌మెంట్ మొత్తం ఎలా ఆగిపోతుందో ఇందులో చాలా స్పష్టంగా కనిపించింది, అందుకే కొత్తగా ఈ లైన్లోకి వచ్చే పిల్లలకి పనికొస్తుందని పూర్తిగా రాస్తున్నాను. ఆవిడ దగ్గర, ఇంట్లోవాళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకున్నాను, గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

అరవై దాటిన పెద్దావిడ, గుంటూరు-పల్నాడు వైపు పల్లెటూరు. జీవితంలో సిగరెట్ గానీ చుట్ట గానీ ముట్టలేదు. కానీ పెళ్ళై కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి కట్టెల పొయ్యే, పత్తికంప, మిరపకంప, వానాకాలంలో తడిసిన కట్టె, పిడకలు, ఏది దొరికితే అది. 1999లో మొదలైన దీపం పథకం కింద వాళ్ళింటికి గ్యాస్ కనెక్షన్ వచ్చింది, అయితే గ్యాస్ మీద టీ, పొద్దున టిఫిను వరకే, అన్నం, కూరలు, ముఖ్యంగా ఇంటిల్లిపాదికీ వేన్నీళ్ళ కాగు మాత్రం కట్టెల మీదే. సిలిండర్ తొందరగా అయిపోతుందని భయం. వంటిల్లు చిన్నది, కిటికీ లేదు, పొగ వెళ్ళేది తలుపులోంచే. సీఓపీడీ అనగానే సిగరెట్ తాగే మగవాళ్ళ జబ్బు అనుకుంటారు చాలామంది, మన పల్లెటూళ్ళలో సిగరెట్ ముట్టని ఆడవాళ్ళకి ఇది రావడానికి పెద్ద కారణం ఈ పొయ్యి పొగే.

భర్త కొన్నేళ్ళ క్రితం పోయారు. కొడుకు వ్యవసాయం, కోడలు ఇంట్లోనే, మనవడు డిగ్రీ చదువుతున్నాడు. ఈ మనవడిని గుర్తుపెట్టుకోండి, కేసులో అతని పాత్ర చాలా ఉంది.

ఏ బాధతో వచ్చారు

ఆవిడ మాటల్లోనే చెప్తాను, "గాలి అందట్లేదమ్మాయ్, ఎంత పీల్చినా లోపలికి పోవట్లేదు". నాలుగైదేళ్ళుగా ఆయాసం, చలికాలం వస్తే దగ్గు, కఫం. మా దగ్గరికి వచ్చేసరికి మంచం మీంచి లేచి బాత్రూమ్ దాకా వెళ్తే ఆగి నిలబడాలి, జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే ఆయాసం. అంతకు ముందు ఒక హాస్పిటల్లో అడ్మిట్ అయి డిశ్చార్జ్ అయ్యారు. అక్కడ ఇన్‌హేలర్ ఇచ్చారు, మూడు బంతులుండే ఆ ప్లాస్టిక్ స్పైరోమీటర్ కూడా ఇచ్చారు, నోటితో పీలిస్తే 600, 900, 1200 అని ఒక్కో బంతి పైకి లేస్తుందే అది. ఇవి కాక 2021లో కోవిడ్ సెకండ్ వేవ్ అప్పుడు చుట్టాలు కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) కూడా వీళ్ళింటికి చేరింది, ఆవిడ కూర్చున్నా పడుకున్నా ముక్కుకి గొట్టమే, మీటర్ 5 మీద, అంటే నిమిషానికి ఐదు లీటర్లు.

నేను చూసినప్పుడు కూర్చుని ఉన్నా నిమిషానికి ఇరవై ఎనిమిది సార్లు ఊపిరి, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, మెడ కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి, ఛాతీ ముందుకి ఉబ్బి పీపాలా గుండ్రంగా. ఆక్సిజన్ తీసి కాసేపు ఆగి చూస్తే, రక్తంలో ఆక్సిజన్ చూపే వేలి మీటర్లో 93 శాతం. అంటే కూర్చున్నప్పుడు ఆవిడకి ఆక్సిజన్ అవసరమే లేదు. ఇంట్లో రోజంతా ఆక్సిజన్ పెట్టాలంటే మామూలుగా కూర్చున్నప్పుడు 88 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చూసే బ్లడ్ గ్యాస్ పరీక్షలో కూడా అది తేలాలి. పైగా ఈ జబ్బులో కొంతమందికి ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తుగా అయిపోతారు, అందుకే డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంచితే చాలంటారు.

మరి 93 ఉన్న మనిషికి గాలి అందట్లేదని ఎందుకు అనిపిస్తోంది? ఈ జబ్బులో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మామూలు మనిషికి ఊపిరి పీల్చడం పని, వదలడం పని కాదు. పీల్చేటప్పుడు డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, కిందికి దిగాలి, పక్కటెముకలు లేవాలి. వదిలేటప్పుడు ఏమీ చేయక్కర్లేదు, సాగిన ఊపిరితిత్తి తనంతట తానే ముడుచుకుని గాలిని బయటికి తోసేస్తుంది. సీఓపీడీలో ఆ ముడుచుకునే గుణం తగ్గిపోతుంది, చిన్న చిన్న గాలి గొట్టాలు సన్నబడి, వదిలేటప్పుడు ముందే మూసుకుపోతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్ళీ పీల్చాల్సి వస్తుంది, మిగిలిన గాలి మీద గాలి పేరుకుంటుంది. నడిస్తే ఇంకా ఘోరం, ఊపిరి వేగం పెరిగితే వదలడానికి ఉండే టైం ఇంకా తగ్గిపోతుంది కదా. అంతా ఉబ్బిపోయి డయాఫ్రం బల్లపరుపుగా అయిపోతుంది, దానికి దిగడానికి చోటే ఉండదు. నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పొయ్యాలంటే ఎలా పడతాయి? కానీ పేషెంట్‌కి మాత్రం "లోపలికి పోవట్లేదు" అనే అనిపిస్తుంది, అది అబద్ధం కాదు, నిజంగానే పోవట్లేదు, కారణం మాత్రం బయటికి పోకపోవడం.

అప్పటిదాకా ఏం చేశారు, ఎందుకు పనిచేయలేదు

ఇంట్లోవాళ్ళు చేసినవన్నీ ప్రేమతో చేసినవే, అన్నీ గాలిని లోపలికి పంపే పనులే. ఆయాసం రాగానే కోడలు "అత్తమ్మా, గట్టిగా పీల్చండి, ఇంకా పీల్చండి" అని వీపు నిమిరేది. మూడు బంతుల మిషన్ రోజుకి నాలుగు పూటలు. ఆపరేషన్లు అయినవాళ్ళకి, పైపైన ఊపిరి తీసుకుంటూ ఊపిరితిత్తి అడుగున ముడుచుకుపోయేవాళ్ళకి ఆ మిషన్ పనికొస్తుంది, ఆల్రెడీ గాలి ఎక్కువై ఉబ్బిపోయిన మనిషికి ఇంకా పీల్చడం నేర్పితే ఏం లాభం? చేసిన ప్రతిసారీ తల తిరిగి పడుకునేవారట.

ఇన్‌హేలర్ సంగతి చూద్దామని సంచి తెమ్మన్నాను. కొడుకు ముందే చెప్పాడు "మేడమ్ ఎక్స్‌పైరీ చూసే వాడుతున్నాం, ఇంకా ఏడాదుంది" అని. నిజమే, డబ్బా మీద డేట్ ఉంది. కానీ వెనకాల, ఇంకా ఎన్నిసార్లు కొట్టొచ్చో చూపే డోస్ కౌంటర్ సున్నా దగ్గర ఉంది. నొక్కితే ఇంకా బుస్సుమంటూ ఏదో వస్తోంది కాబట్టి మందు ఉందనుకున్నారు, కౌంటర్ సున్నాకొచ్చాక కూడా లోపలున్న గ్యాస్ వల్ల స్ప్రే వస్తూనే ఉంటుంది, అందులో మందు ఎంతుంటుందో నమ్మకం లేదు. ఎక్స్‌పైరీ కాలేదు, మందు మాత్రం ఎప్పుడో నిండుకుంది. ఇది ఈ ఒక్క ఇంట్లోనే కాదండీ, చాలా ఇళ్ళల్లో చూస్తున్నాను, ఎక్స్‌పైరీ డేట్ చూడటం జనానికి బాగా అలవాటైంది, కౌంటర్ చూడటం ఎవరూ చెప్పలేదు.

ఇంకా ఆవిడ ఇన్‌హేలర్ కొట్టుకునేటప్పుడు ముందు ఊపిరి ఖాళీ చేసుకోవట్లేదు, నిండా ఉన్న ఛాతీతోనే నొక్కేసి ఒక చిన్న గుటక పీల్చేవారు. మందంతా నోట్లోనే.

స్పైరోమెట్రీ పరీక్షలో బయటపడింది

స్పైరోమెట్రీ అంటే ఆ మూడు బంతుల మిషన్ కాదు, మనిషి ఎంత గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పరీక్ష. మా దగ్గర మొదటి స్పైరోమెట్రీ సరిగ్గా రాలేదు. నిండా పీల్చి ఒక్కసారిగా గట్టిగా, ఆగకుండా, ఛాతీ ఖాళీ అయ్యేదాకా ఊదాలి, అలా ఆరు సెకన్లైనా ఊదితే మంచి గ్రాఫ్ వస్తుంది. ఆవిడ రెండు సెకన్లకే ఆపేసి దగ్గేవారు. ప్రయత్నం సరిపోలేదని టెక్నీషియన్ రాశాడు. ఇలా రాసి ఉంటే చాలామంది పేషెంట్ సహకరించలేదు అని ముందుకెళ్ళిపోతారు. నాకు అనిపించింది ఏంటంటే, దమ్ము చాలక ఆగిన మనిషి ముఖం ఒకలా ఉంటుంది, కావాలని ఆపిన మనిషి ముఖం ఇంకోలా ఉంటుంది. ఈవిడ కావాలని ఆపుతున్నారు, గాలి ఇంకా బయటికి వస్తుండగానే నోరు మూసేస్తున్నారు.

అందరినీ బయటికి పంపి అడిగాను, "పెద్దమ్మా, మధ్యలో ఎందుకు ఆపేస్తున్నారు?" అని. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మొత్తం వదిలేస్తే మళ్ళా రాదేమోనమ్మాయ్" అన్నారు. ఇంకాసేపటికి భర్త సంగతి చెప్పారు. ఆయన పోయేటప్పుడు ఈవిడే పక్కన ఉన్నారు, ఎగశ్వాస వచ్చింది, చివర్లో పెద్ద ఊపిరి ఒకటి వదిలారు, అంతే, మళ్ళీ తీసుకోలేదు. "మీరు పొద్దున్నే వచ్చి ఊపిరి వదలమంటారేంది, అదేం మాట" అన్నారు, కోపంగా కాదు, చాలా బాధగా.

అప్పుడు మేం పేషెంట్లకి ఇచ్చే సూచనల షీట్ తీసి చూశాను. తెలుగులో ఉంది, పెద్ద అక్షరాలతో ఉంది, మొదటి లైను "మెల్లగా ఊపిరి వదలండి". మనకది మామూలు వాక్యం. కానీ మన భాషలో "ఊపిరి వదిలాడు", "ఊపిరి విడిచింది", "ప్రాణం విడిచారు" అంటే అర్థం ఏంటి? పేపర్లో రోజూ "తుది శ్వాస విడిచారు" అనే రాస్తారు. ఊపిరి పీల్చడానికి ఆ ఇబ్బంది లేదు, "హమ్మయ్య ఊపిరి పీల్చుకున్నాం" అంటే గండం గడిచింది అని. పీల్చడం బతుకు, వదలడం చావు, భాషలోనే అలా ఉండిపోయింది. బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అనే ఇల్లు, వెళ్తాను అనకుండా వెళ్ళొస్తాను అనే ఇల్లు, దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అనే ఇల్లు అది. అలాంటి ఇంట్లో జబ్బు మనిషిని పట్టుకుని రోజుకి పది సార్లు ఊపిరి వదులు అంటే ఎవరు మాత్రం వదులుతారు?

ఇది ఇంగ్లీషుతోనూ ముడిపడింది, ఎలాగో చెప్తాను. మనవడు పాత డిశ్చార్జ్ సమ్మరీ చదివాడు. అందులో పరీక్ష వివరాల దగ్గర "ప్రొలాంగ్డ్ ఎక్స్‌పిరేషన్" అని ఉంది. అంటే ఊపిరి బయటికి పోవడానికి మామూలు కంటే ఎక్కువ టైం పడుతోంది అని మాత్రమే, స్టెతస్కోప్ పెట్టి విన్న డాక్టర్ రాసుకునే మాట. అతనికి తెలిసిన ఎక్స్‌పైర్ ఏంటి? వార్డులో పక్క బెడ్ పేషెంట్ పోయినప్పుడు నర్సులు "ఎక్స్‌పైర్ అయ్యారు" అన్నారు, అది విన్నాడు. టాబ్లెట్ స్ట్రిప్ మీద, ఫోన్ రీచార్జ్ మెసేజ్‌లో చూశాడు. ఇక ఆలోచించండి, నాయనమ్మ రిపోర్టులో ఎక్స్‌పిరేషన్ అని రాసి ఉంది, ప్రొలాంగ్డ్ అంటే ఇంకొన్నాళ్ళు పట్టొచ్చు అని చదువుకున్నాడు ఆ పిల్లాడు! వాళ్ళ నాన్నతో గుసగుసగా చెప్పాడు, అప్పట్నుంచే ఆక్సిజన్ 2 నుంచి 5కి పెరిగింది, ఆవిడని ఒంటరిగా వదలడం మానేశారు, చుట్టాలు వచ్చి చూసి వెళ్ళడం మొదలైంది. ఎవరూ ఏం చెప్పకపోయినా ఆవిడకి అంతా అర్థమైంది.

అతన్ని కూర్చోబెట్టి చెప్పాను. లాటిన్‌లో ఎక్స్ అంటే బయటికి, స్పిరారే అంటే ఊపిరి తీసుకోవడం, రెండూ కలిస్తే ఊపిరి బయటికి వదలడం. ఆఖరి ఊపిరి వదలడం కాబట్టి చనిపోవడానికి అదే మాట అయింది, గడువు ముగిసినదానికీ అదే మాట పాకింది. మా పుస్తకాల్లో మాత్రం మొదటి అర్థమే, నువ్వూ నేనూ ఇప్పుడు మాట్లాడుతూ నిమిషానికి పదిహేనుసార్లు ఎక్స్‌పిరేషన్ చేస్తున్నాం అన్నాను. అతను ఆ రిపోర్టు మీదే పెన్నుతో తెలుగులో రాసుకున్నాడు, "గాలి బయటికి పోవడానికి టైం ఎక్కువ పడుతోంది, అంతే" అని. ఆ "అంతే" కింద రెండు గీతలు గీశాడు.

(చిన్న పక్కమాట. స్పైరోమీటర్ కనిపెట్టిన జాన్ హచిన్సన్ అనే ఇంగ్లీష్ డాక్టర్ 1846లో రెండు వేల మందికి పైగా మనుషుల చేత ఊదించి, నిండా పీల్చాక మనిషి ఎంత గాలి బయటికి ఊదగలడో దానికి వైటల్ కెపాసిటీ అని పేరు పెట్టాడు, వైటల్ అంటే ప్రాణానికి సంబంధించినది. లైఫ్ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇది పనికొస్తుందని కూడా అనుకున్నాడాయన. గాలిని ఎంత బాగా బయటికి పంపగలిగితే అంత ప్రాణశక్తి అన్నమాట. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు గానీ మనవడికి చెప్పాను, అతనికి చాలా నచ్చింది.)

మాట కోసం, పద్ధతి కోసం వెతుకులాట

ఆవిడకి నేర్పాల్సింది పెదాలు దగ్గరికి పెట్టి సన్నగా, ఎక్కువసేపు గాలి వదలడం, దాన్నే పర్స్‌డ్ లిప్ బ్రీతింగ్ అంటాం. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, పెదాల సందులోంచి నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పెదాల దగ్గర అడ్డు ఉండటం వల్ల లోపల కొంచెం ప్రెషర్ నిలబడి ఆ చిన్న గొట్టాలు ముందే మూసుకుపోకుండా తెరిచి ఉంటాయి, గాలి బాగా ఖాళీ అవుతుంది. ఇది నేను రోజూ నేర్పేదే. ఇప్పుడు ప్రశ్న, ఏ మాటతో నేర్పాలి?

"గాలి వదలండి" అని మార్చి చూశాం. ఆపరేషన్ వార్డుల్లో "గాలి పోయిందా" అని దేన్ని అడుగుతామో అందరికీ తెలుసు కదా, కొడుకు ముందు ఆ మాట అంటే ఆవిడ తల దించుకున్నారు. "నిశ్వాసం" అన్నాం, అది స్కూల్ పుస్తకం మాట, ఉచ్ఛ్వాసం ఏదో నిశ్వాసం ఏదో మనవడికే తేడా గుర్తులేదు. ఆయాసంతో కొట్టుకునే మనిషికి ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చే మాట ఇవ్వకూడదు.

తర్వాత కొవ్వొత్తి. మా ఫీల్డులో పాత పద్ధతి ఇది, ఎదురుగా కొవ్వొత్తి వెలిగించి, ఆరిపోకుండా మంట వంగేలా ఊదమంటాం, ఎంత మెల్లగా ఊదాలో కంటికి కనిపిస్తుంది. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకున్నారు. నోటితో దీపం ఊదకూడదని చిన్నప్పట్నుంచి విన్న మనిషి. బతిమాలితే ఒకసారి ఊదారు, మంట ఆరిపోయింది, ఇక ఆ రోజు ఏదీ చేయించలేకపోయాం. కొవ్వొత్తి దీపం కాదని వాదించి ఒప్పించొచ్చు, నేను ఆ దారిన పోలేదు, ఎందుకంటే భయం మీద ఇంకో వాదన గెలిచినంత మాత్రాన రాత్రి రెండింటికి ఆయాసం వచ్చినప్పుడు ఆ గెలుపు ఆవిడకి పనికిరాదు.

దారి దొరికింది రెండు చోట్ల నుంచి. ఒకటి, మా స్పైరోమెట్రీ రూమ్. అక్కడ టెక్నీషియన్ ఊపిరి వదలండి అని ఎప్పుడూ అనడు, రోజంతా గొంతు పోయేలా "ఊదండి ఊదండి ఊదండి ఊదండి" అంటూనే ఉంటాడు. ఊదడంలో చావు లేదు. బూర ఊదుతాం, వేడి పాలు ఊదుకుంటాం, దెబ్బ తగిలిన పిల్లాడి మోకాలు మీద ఉఫ్ అని ఊదుతాం. మనిషి కావాలని, తన పట్టులో ఉంచుకుని చేసే పని అది. వదిలేయడం అంటే చేజారడం, ఊదడం అంటే చేయడం, ఆవిడ భయానికి మందు సరిగ్గా ఈ తేడాలోనే ఉంది.

రెండోది ఆవిడ చెప్పిందే. మాటల్లో పొయ్యి సంగతి వచ్చి, తడి కట్టెలు ఎలా అంటుకుంటాయి అని అడిగాను, ఆవిడ చెయ్యి దానంతట అదే లేచింది, ఊదుగొట్టం పట్టుకున్నట్టు. "అట్టా ఒకేసారి బుస్సుమని ఊదకూడదమ్మాయ్, బూడిద లేచి కళ్ళల్లో పడుద్ది. సన్నగా ఊదాల, నిప్పు ఎర్రబడాల, బూడిద లేవకూడదు" అని, పెదాలు సున్నాలా చుట్టి చూపించారు. అచ్చం పర్స్‌డ్ లిప్ బ్రీతింగ్! నేను ఏ షీట్ మీదా రాయలేనంత సరిగ్గా చెప్పారు. ఎక్కువ బలంగా ఊదితే ఈ జబ్బులో గాలి గొట్టాలు అణిగిపోయి గాలి లోపలే చిక్కుకుంటుంది, అందుకే మెల్లగా అని మేం పదే పదే చెప్తాం, "బూడిద లేవకూడదు" అన్న దాంట్లో అదంతా వచ్చేసింది. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య ట్రీట్‌మెంట్ భాష అదే. "పెద్దమ్మా, నిప్పు రాజెయ్యండి, బూడిద లేవకుండా."

నిజం ఊదుగొట్టం మాత్రం వద్దన్నాను, ఖాళీ పెదాలతోనే. ఆ పొయ్యి దగ్గరికి మళ్ళీ వెళ్ళడానికి అది సాకు కాకూడదు కదా.

పనిచేసినవి

మొదటి పని, ఆవిడ ఛాతీ కింద పక్కటెముకల మీద ఆవిడ చేతులే పెట్టించి ఊదించడం. బాగా ఊదాక తర్వాతి ఊపిరి పిలవకుండానే దానంతట అదే లోపలికి వస్తుంది, చేతుల కింద ఎముకలు పక్కలకి జరగడం తెలుస్తుంది. "మళ్ళా వచ్చింది" అన్నారు. ఊదిన ప్రతిసారీ మళ్ళీ వస్తుందని చెయ్యి చెప్తోంది, నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు ఇంకేం నేర్పకుండా అదొక్కటే చేయించాం, భయం పోవాలంటే అదే ముఖ్యం అనుకున్నాను. రెండో విజిట్ తర్వాత స్పైరోమెట్రీ మళ్ళీ చేస్తే గ్రాఫ్ చక్కగా వచ్చింది, గాలి గొట్టాలు తెరిచే మందు ఇచ్చాక కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో ఊదినది ఎంత అనే నిష్పత్తి 0.70 కంటే బాగా తక్కువ, ఆ మొదటి సెకను గాలి ఉండాల్సిన దాంట్లో నలభై శాతం చిల్లర, అంటే తీవ్రమైన సీఓపీడీ. ఊపిరితిత్తుల డాక్టర్ మందులు మార్చారు.

ఇన్‌హేలర్‌కి స్పేసర్ (మందు నోట్లోనే ఆగిపోకుండా ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టించాం, వరుస మార్చాం. ముందు పక్కకి తిరిగి ఊదాలి, డబ్బాలోకి కాదు, ఖాళీ అయ్యాక నోట్లో పెట్టుకుని నొక్కి మెల్లగా పీల్చాలి, పది లెక్కపెట్టేదాకా ఆపాలి, ఆపలేకపోతే ఆపగలిగినంత. కౌంటర్ ఇరవైకి రాగానే కొత్తది తెప్పించే బాధ్యత మనవడిది.

తర్వాత పనులకి ఊదడం జత చేశాం, కష్టం వచ్చే క్షణంలో ఊదాలి. మంచం మీంచి లేవాలంటే ముందు కూర్చుని పీల్చి, లేస్తూ ఊదాలి. మెట్టు ఎక్కుతూ ఊదాలి. చెంబుతో నీళ్ళు పోసుకునేటప్పుడు చెయ్యి లేస్తుంటే ఊదాలి, స్నానానికి స్టూల్ వేయించాం. జడ కోడలు వేస్తానంది, నేను వద్దన్నాను, మోచేతులు టేబుల్ మీద ఆనించి ఆవిడనే వేసుకోమన్నాను, చేయగలిగిన పని ఒకటి చేతిలోంచి తీసేస్తే మనిషి ఇంకా మంచం పడుతుంది. మా కారిడార్లో ముప్పై మీటర్ల గీతలు ఉన్నాయి, ఆరు నిమిషాల నడక పరీక్ష అక్కడే చేస్తాం, ఆ గీతల మధ్యే రెండు నెలల పాటు నడిపించాం, ఆగినా పర్లేదు, ఆగి ఊది మళ్ళీ నడవాలి.

ఆక్సిజన్ తీయించడం మాత్రం అందరికంటే ఇంట్లోవాళ్ళకి కష్టమైంది. ఒక్కసారిగా తీయమంటే కొడుకు ఒప్పుకోడు. అందుకే డాక్టర్‌తో మాట్లాడి, బ్లడ్ గ్యాస్ రిపోర్టు చూపించి, ముందు పగలు, తర్వాత రాత్రి, మీటర్ చూస్తూ తగ్గించాం. నడిచినప్పుడు 89-90 దాకా పడేది, ఆగి ఊదితే తిరిగి లేచేది, అది కొడుకు కళ్ళతో చూశాకే నమ్మాడు. "గట్టిగా పీల్చండి" అనే కోడలు ఇప్పుడు "అత్తమ్మా, ఊదండి" అంటోంది, ఆ ఒక్క మార్పు కోసం కోడలితో విడిగా కూర్చుని మాట్లాడాను, ఆయాసం వచ్చినప్పుడు ఆవిడ పక్కన ఉండేది నేను కాదు కాబట్టి.

పొయ్యి సంగతి అంత తేలిగ్గా తెగలేదు. 2024 చివర్లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అయ్యాక వంట మొత్తం గ్యాస్ మీదకి మారింది, వేన్నీళ్ళ కాగు మాత్రం ఇంకా కట్టెల మీదే, కాకపోతే పెరట్లోకి మార్చారు, ఆవిడ అటు వెళ్ళకుండా చూస్తున్నారు. పూర్తిగా పోతే బాగుండేది.

రాత్రిపూట ఆయాసం వస్తే ఏం చేయాలో గోడ మీద అంటించాం. కూర్చుని ముందుకి వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి, బూడిద లేవకుండా ఊదాలి, స్పేసర్‌తో ఇన్‌హేలర్ కొట్టాలి, పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, మత్తుగా తూగుతున్నా ఇక ఊదుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆ చివరి లైను మనవడు ఎర్ర స్కెచ్‌తో రాశాడు.

ఫలితం, నేర్చుకున్నవి

ఊపిరితిత్తి బాగుపడలేదు, పడదు కూడా, స్పైరోమెట్రీ అంకె అక్కడే ఉంది. బాత్రూమ్ దాకా ఆగకుండా వెళ్తున్నారు, వీధి చివర గుడి దాకా రెండుసార్లు ఆగి వెళ్ళొస్తున్నారు, నడక పరీక్షలో యాభై మీటర్లకి పైగా పెరిగింది, ముప్పై పెరిగితేనే పేషెంట్‌కి తేడా తెలుస్తుందంటారు. తర్వాతి చలికాలంలో కఫం పట్టి ఒకసారి అడ్మిట్ అవ్వాల్సి వచ్చింది, ఆ ముందు ఏడాది మూడుసార్లు అయ్యారు. కాన్సంట్రేటర్ చుట్టాలకి తిరిగి ఇచ్చేశారు.

నేను మా డిపార్ట్‌మెంట్ షీట్లో మొదటి లైను మార్పించాను, "మెల్లగా ఊదండి" అని. రిపోర్టు ఇచ్చేటప్పుడు ఎక్స్‌పిరేషన్, ఎక్స్‌పిరేటరీ అనే మాటలు ఉంటే ఇంట్లో చదువుకున్న పిల్లల్ని పిలిచి అర్థం ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఆ కాగితం ఇంటికెళ్ళాక చదివేది వాళ్ళే, భయపడి ఎవరికీ చెప్పకుండా దాచుకునేదీ వాళ్ళే. స్పైరోమెట్రీలో ప్రయత్నం సరిపోలేదని వస్తే పేషెంట్ ఎక్కడ ఆపుతున్నారో చూసి, ఎందుకు ఆపారో విడిగా అడుగుతున్నాను. ఇంట్లో ఎవరైనా కళ్ళముందు పోయారా అన్నది కూడా ఇప్పుడు నా హిస్టరీలో ఒక ప్రశ్న, ఆయాసం ఉన్నవాళ్ళలో ఆ జ్ఞాపకం ఎంతమందికి ఉందో అడిగితే గానీ తెలియదు.

ఊదుగొట్టం అందరికీ పనికిరాదు. ఆ తర్వాత వచ్చిన ఒక రిటైర్డ్ ఉద్యోగి, పుట్టి పెరిగింది సిటీలో, పొయ్యి ముఖం చూడని మనిషి, ఆయనకి బూడిద లేవకూడదు అంటే ఏం అర్థం కాలేదు. ఆయనతో చాలాసేపు కబుర్లు చెప్పాక తేలింది, చిన్నప్పుడు వేణువు నేర్చుకున్నారట, స్వరం వణక్కుండా ఊదమంటే వెంటనే పట్టుకున్నారు. ఇంకొకావిడకి ఇంతవరకూ ఏ మాటా కుదరలేదు, ఆవిడ ఏం ఊది ఉంటారో ఇంకా అడుగుతూనే ఉన్నాను.